మిల్లీమీటరు డిగ్రీ అయ్యే దారి

ముడిసరుకు ఒక చిన్న బూడిదరంగు ఉండ. వ్యాసం 14 మిల్లీమీటర్లు. లోపల ప్లాస్టిక్, పైన రోడ్డు పక్క సైన్‌బోర్డులకు వాడే జాతి టేపు. ఆ టేపులో కంటికి ఆనని గాజుపూసలు కిక్కిరిసి ఉంటాయి. వెలుతురు ఎటునుంచి వస్తే అటే తిప్పికొట్టడం వాటి పని. ఈ ఉండను మార్కర్ అంటారు. ఒక్కోటి కొన్ని వందల రూపాయలు. దాన్ని చూడ్డానికి గోడల మీద పది కెమెరాలు, వాటి సాఫ్ట్‌వేర్; ఆ ఖర్చు కోటి రూపాయల లెక్కలో ఉంటుంది. ఇంత సరంజామా చివరికి తయారుచేసేది కాగితం మీద ఒక గీత. నడుస్తున్న పిల్లవాడి తొడ ఎముక తుంటి దగ్గర లోపలికి ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో చెప్పే గీత. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎనిమిదేళ్ల బాబు మోకాళ్లు రాసుకుంటూ, పాదాలు లోపలికి తిప్పి నడుస్తుంటే, తొడ ఎముకను కోసి, సరైన వైపు తిప్పి, ప్లేటు వేసి బిగించాలా అన్న నిర్ణయంలో సర్జన్ ఆ గీతను కూడా చూస్తారు. అందుకని గీతతో పాటు అందులో తప్పు ఎంత ఉండవచ్చో కూడా చెప్పాలి. గెయిట్ ల్యాబ్‌లో, అంటే నడకను కొలిచే గదిలో, పనితనమంతా ఆ తప్పును పుట్టిన చోటే పట్టుకోవడంలో ఉంది.

దానికి ఒక చిన్న లెక్క ఆధారం. కెమెరాకు కోణాలు కనబడవు, చుక్కలే కనబడతాయి. ఒంట్లో ఒక భాగం ఎటు తిరిగి ఉందో చెప్పాలంటే దాని మీది చుక్కల్ని కలిపి గీత గీసుకోవాలి. ఒక చుక్క పక్కకు జరిగిందంటే గీత వంకరపోతుంది. జరిగిన మిల్లీమీటర్లను ఆ రెండు చుక్కల మధ్య దూరంతో భాగించి 57తో గుణిస్తే ఎన్ని డిగ్రీలు వంకరపోయిందో వస్తుంది. రేడియన్‌కు 57.3 డిగ్రీలు కదా, ఆ 57 అదే. చుక్కలు 400 మిల్లీమీటర్ల దూరంలో ఉండి ఒకటి 5 మిల్లీమీటర్లు తప్పితే వచ్చే తప్పు 0.7 డిగ్రీ. 80 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే అదే 5 మిల్లీమీటర్లకు మూడున్నర డిగ్రీలు. చిన్నపిల్లల్ని కొలవడం పెద్దవాళ్లను కొలవడం కన్నా కష్టమయ్యేది ఇందుకే. ఇక మీదట ప్రతి మెట్టు దగ్గరా ఈ లెక్కే వేసుకుంటూ పోదాం.

పొద్దున్నే మొదటి పని కెమెరాల స్విచ్చు వేసి వాటి మానాన వదిలేయడం. అరగంట నుంచి గంట దాకా అవి వేడెక్కాలి. చల్లగా ఉన్నప్పుడు కొలత సరిచేసి, వేడెక్కాక వాడితే లెన్సు, దాని పట్టీ వ్యాకోచించి కెమెరా చూపు పిసరంత మారుతుంది. ఈలోగా కిటికీల తెరలు దించుతారు. నేల మీద మెరిసేవన్నీ తీసేస్తారు: స్టీలు కుర్చీ కాళ్లు, వాకర్ గొట్టాలు, అమ్మ చేతి గాజులు కూడా. మార్కర్ లాగా మెరిసే ప్రతిదీ కెమెరాకు మార్కరే. ఏసీ 25, 26 దగ్గర ఉంచుతారు. బాబు నిక్కరు మాత్రం వేసుకుని గంటన్నర ఉండాలి. చలికి కండరాలు బిగుసుకుంటే నడకే మారిపోతుంది.

తరువాత వాండ్ ఊపడం. వాండ్ అంటే ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఉన్న లోహపు చట్రం. దాని మీద ఐదు దీపాలో, ఐదు మార్కర్లో ఉంటాయి. వాటి మధ్య దూరాలు తయారీలోనే కొలిచిపెట్టినవి. బయోమెడికల్ ఇంజినీరు దాన్ని పట్టుకుని బాబు నడవబోయే చోటంతా తిరుగుతారు. పొడవు నాలుగైదు మీటర్లు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. నేలకు ఆనిస్తూ, తలపైకి ఎత్తుతూ, మెలితిప్పుతూ ఒకటి రెండు నిమిషాలు ఊపుతారు. అన్ని కెమెరాల్లోనూ వందలకొద్దీ ఫ్రేముల్లో అదే వాండ్ పడుతుంది. దాని అసలు కొలత తెలుసు కాబట్టి ప్రతి కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది, దాని లెన్సు అంచుల్లో బొమ్మను ఎంత వంచుతోంది అన్నవి సాఫ్ట్‌వేర్ వెనక్కి లెక్కకడుతుంది. తెర మీద ప్రతి కెమెరా పక్కన ఒక అంకె వస్తుంది. దాన్ని ఇమేజ్ ఎర్రర్ అంటారు, పిక్సెళ్లలో ఉంటుంది. 0.2 దగ్గర ఉంటే ఇంజినీరు తలూపుతారు. 0.3 దాటిన కెమెరా ఉంటే మళ్లీ ఊపడమే. ఆ తరువాత ఎవరైనా కెమెరా స్టాండుకు భుజం తగిలిస్తే మొత్తం పని మొదటికి వస్తుంది.

ఇప్పుడు గదికి దిక్కులు చెప్పాలి. వాండ్‌ను నడకదారి మూలలో నేల మీద పడుకోబెట్టి, కింది మరలు తిప్పుతూ నీటిమట్టం బుడగ మధ్యకు వచ్చేదాకా సరిచేస్తారు. ముందుకు అంటే ఎటు, పైకి అంటే ఎటు అన్నది ఇక్కడ నిర్ణయమవుతుంది. చేయి 500 మిల్లీమీటర్ల పొడవున్న చట్రం కొసను 5 మిల్లీమీటర్లు పక్కకు పెట్టారనుకోండి. 5ని 500తో భాగించి 57తో గుణిస్తే 0.57 డిగ్రీ. ఆ రోజు ఆ గదిలో నడిచిన వాళ్లందరి కటీ అర డిగ్రీ పక్కకు తిరిగినట్టే కనబడుతుంది. నేల మీద అతికించిన టేపు గీతకు చట్రం అంచును వేలితో తడిమి మరీ ఆనించేది అందుకే.

కెమెరా పనితనం చూడండి. లెన్సు చుట్టూ ఉన్న ఎల్‌ఈడీల వలయం సెకనుకు 100 సార్లు పరారుణ కాంతిని మినుక్కుమనిపిస్తుంది. ప్రతి మినుకుకూ మార్కర్ తెల్లగా, మిగతా గది నల్లగా పడుతుంది. అడ్డంగా 2000 పిక్సెళ్లున్న కెమెరా నాలుగు మీటర్ల వెడల్పు చూస్తుంటే ఒక్కో పిక్సెల్‌కు 2 మిల్లీమీటర్లు. 14 మిల్లీమీటర్ల మార్కర్ అందులో ఏడు పిక్సెళ్ల వెడల్పు తెల్లమచ్చ. దాని అంచుల్లోని బూడిదరంగు ఛాయల్ని కూడా లెక్కలోకి తీసుకుని వృత్తం అమర్చితే కేంద్రం పిక్సెల్‌లో పదోవంతు దాకా దొరుకుతుంది. అంటే 0.2 మిల్లీమీటర్. మూడు నాలుగు కెమెరాల చూపులు ఒకచోట కలిస్తే మార్కర్ గాలిలో ఎక్కడుందో తెలుస్తుంది. మళ్లీ ఒకసారి వాండ్‌ను తీసుకుని నడకదారి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, రెండు మార్కర్ల మధ్య దూరం దారి పొడవునా మారకుండా ఉందా అని చూస్తారు. సగం మిల్లీమీటరు అటూఇటూ ఊగితే ఫర్వాలేదు. 130 మిల్లీమీటర్ల దూరానికి సగం మిల్లీమీటరు తప్పంటే 0.2 డిగ్రీ. కోటి రూపాయల సరుకు తన వంతు తప్పును ఇంతకి దించింది. మిగతాదంతా ఇకనుంచి చేతివేళ్లలో, చర్మంలో ఉంది.

బాబు వచ్చాక ముందు కొలతలు. బరువు, ఎత్తు, కాలి పొడవు, మోకాలి వెడల్పు, చీలమండ వెడల్పు. వెడల్పులకు టేపు పనికిరాదు, రెండు దవడలున్న కాలిపర్ కావాలి. కండను నొక్కి దవడలు ఎముకకు ఆనేదాకా బిగించి మిల్లీమీటర్లలో చదువుతారు. మోకాలి వెడల్పు 80 వచ్చిందనుకుందాం. మార్కర్ కేంద్రం చర్మానికి 7 మిల్లీమీటర్లు బయట ఉంటుంది కాబట్టి కీలు మధ్యకు చేరాలంటే ఆ 7, వెడల్పులో సగం 40 కలిపి 47 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. ఈ పనికి పది నిమిషాలు.

అసలు చేతిపని ఇక్కడ మొదలవుతుంది. బాబును నిలబెట్టే మార్కర్లు అతికించాలి. బల్ల మీద పడుకోబెట్టి గుర్తు పెట్టుకుంటే లేచి నిలబడేసరికి చర్మం ఎముక మీద జారిపోతుంది. ఫిజియోథెరపిస్టు అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నడుముకు ఇరుపక్కలా వేసి, బొటనవేళ్లతో కటి ఎముక ముందు అంచును కింది నుంచి పైకి తడుముతారు. నిక్కరు పట్టీ దగ్గర పొడుచుకొచ్చినట్టు తగిలే మొన అది. వైద్యులు ఏఎస్ఐఎస్ అంటారు. మొన అనుకుంటాం గానీ వేలికి అది చిటికెనవేలి గోరంత మేర గుండ్రంగా తగులుతుంది. ఆ మేరలో ఎక్కడ అతికించినా ‘ఏఎస్ఐఎస్ మీదే’ అనవచ్చు. అందుకే ఆమె ఒక నియమం పెట్టుకుంటారు. బొటనవేలు కింది నుంచి పైకి వచ్చేటప్పుడు గుంటలోంచి ఎముక అంచు మీదికి ఎక్కే చోటే ఆపాలి. అక్కడ పెన్నుతో చుక్క. రెండో వైపూ అదే చుక్క, అదే నియమం. ‘కదలకు నాన్నా, ఇంకొక్కటే’ అంటూ రెండువైపులా అంటుకునే టేపుతో మార్కర్ నొక్కుతారు. రెండు మొనల మధ్య దూరం 180 మిల్లీమీటర్లనుకుంటే, ఒక పక్కది 5 మిల్లీమీటర్లు కిందికి పడితే కటి పక్కకు 1.6 డిగ్రీలు ఒరిగినట్టు కనబడుతుంది. పొట్ట ముందుకు వచ్చిన మనిషైతే మార్కర్ కెమెరాలకు కనబడదు. అప్పుడు దాన్ని కావాలనే పక్కకు జరిపి, అసలు మొనల దూరాన్ని కాలిపర్‌తో కొలిచి సాఫ్ట్‌వేర్‌కు చెబుతారు.

వెనకవైపు నడుము కింద రెండు చిన్న గుంటలుంటాయి. వాటి కింది ఎముక మొనలు పీఎస్ఐఎస్. ముందు మొనల మధ్యబిందువుకూ వెనక మొనల మధ్యబిందువుకూ నడుమ ఈ బాబుకు 130 మిల్లీమీటర్లు. కటి ముందుకు ఎంత వంగి ఉందో చెప్పే గీత ఇదే కాబట్టి, వెనక మార్కర్లు రెండూ 5 మిల్లీమీటర్లు పైకి పడితే కటి 2.2 డిగ్రీలు అదనంగా ముందుకు వంగినట్టు వస్తుంది. తప్పు అక్కడితో ఆగదు. తుంటి వంపు అంటే కటిని ఆధారం చేసుకుని తొడను కొలవడమే కాబట్టి ఆ 2.2 డిగ్రీలు తుంటి గీతకూ ఎక్కుతాయి. పైభాగంలో పడ్డ తప్పు కింది కీలుకు వారసత్వంగా పోతుంది. ఒక ఊరట మాత్రం ఉంది. ఇలాంటి తప్పు గీతను మొత్తంగా పైకో కిందికో జరుపుతుంది కానీ దాని ఆకారాన్ని పెద్దగా మార్చదు. గీత చదివేవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి.

మోకాలి దగ్గర చేయి ఇంకా నెమ్మదిస్తుంది. తొడ ఎముక కింది కొసకు రెండు పక్కలా ఉబ్బెత్తు ఎముకలుంటాయి. బయటి ఉబ్బు మీద వేలు వేసి, బాబు మోకాలిని మెల్లగా వంచుతూ చాపుతూ, ఏ చోట కింద ఎముక అటూఇటూ పోకుండా ఉన్నచోటే ఉంటుందో వెతుకుతారు. మోకాలు తిరిగే ఇరుసు దాదాపు ఆ చోటుగుండా పోతుంది. లోపలి ఉబ్బుకూ అలాగే. లోపలి మార్కర్లు నడిచేటప్పుడు ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి నిలబడి తీసే కొలత అవగానే తీసేస్తారు. తొడ పొడవుగా ఉంటుంది, అడ్డంగా సన్నగా ఉంటుంది. ముందుకు వంగిందా, పక్కకు జరిగిందా అన్నవి పొడుగు గీత చెబుతుంది; దాని చుట్టూ అది ఎంత తిరిగిందో మాత్రం ఈ అడ్డగీతే చెప్పాలి. ఆ అడ్డగీత పొడవు మోకాలి వెడల్పు 80, రెండు పక్కల మార్కర్ల 14 కలిపి 94 మిల్లీమీటర్లు. బయటిది 5 మిల్లీమీటర్లు ముందుకీ, లోపలిది 5 వెనక్కీ పడితే 6 డిగ్రీల తప్పు. సర్జన్ అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఈ తిరుగుడు గురించే. అంటే అడిగిన ప్రశ్న, కొలతలో అన్నిటికన్నా బలహీనమైన చోట వచ్చి పడింది.

మిగతావి త్వరగా అయిపోతాయి. తొడకు పక్కగా మూడు, పిక్క కింది ఎముక మీద మూడు, చీలమండకు రెండువైపులా, మడమ మీద, రెండో కాలివేలి మొదట్లో. తొడ, పిక్క మార్కర్లను కండ ఎక్కువ ఎగిరే చోట పెట్టకూడదు. 1990, 91 ప్రాంతాల్లో అమెరికాలో కడాబా బృందం, డేవిస్ బృందం విడివిడిగా ప్రకటించిన మార్కర్ల నమూనాలే నేటికీ చాలా ల్యాబ్‌లకు పునాది. అప్పట్లో కెమెరాలు తక్కువ, దగ్గరదగ్గరగా ఉన్న మార్కర్లను విడదీసి చూడలేవు. అందుకే కాలికి వీలైనంత తక్కువ మార్కర్లు పెట్టి, తొడకూ పిక్కకూ పొట్టి పుల్లల కొసన ఒక్కోటి నిలబెట్టారు. పుల్ల కొస ఎముక ఇరుసుకు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉండి 10 మిల్లీమీటర్లు పక్కకు తిరిగి ఉంటే 5.7 డిగ్రీలు తప్పు. ఇప్పుడు చాలామంది మోకాలికి రెండువైపులా మార్కర్లు పెట్టేది ఆ పుల్ల మీద భారం వేయకుండా ఉండడానికే. మొత్తం అతికించేసరికి ఇరవై నిమిషాలు.

తరువాత స్టాటిక్, అంటే నిలబెట్టి తీసే కొలత. ఐదు సెకన్లు. బాబు పూర్తిగా నిటారుగా నిలబడలేకపోయినా ఫర్వాలేదు; ఈ కొలత పని మార్కర్లకూ ఎముకలకూ మధ్య ఉన్న సంబంధాన్ని ముడివేయడం మాత్రమే. ఇక్కడే వేలికి అందని ఒక బిందువును లెక్కతో పుట్టించాలి. తొడ ఎముక తల కటిలో కూర్చునే గుంట మధ్యబిందువది, హిప్ జాయింట్ సెంటర్. మందపాటి కండ కింద ఉంటుంది. 2007లో హారింగ్టన్ బృందం పెద్దల్ని, పిల్లల్ని, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని కలిపి 32 మందిని ఎంఆర్ఐ తీసి, కటి కొలతల నుంచి ఈ బిందువును అంచనా కట్టే సూత్రాలిచ్చింది. మన బాబు కటి వెడల్పు 180, లోతు 130. ముందు మొనల మధ్యబిందువు నుంచి కిందికి: 180లో 0.30 వంతు 54, దానికి 10.9 కలిపితే 64.9 మిల్లీమీటర్లు. పక్కకు: 180లో 0.33 వంతుకు 7.3 కలిపితే 66.7. వెనక్కి: 130లో 0.24 వంతుకు 9.9 కలిపితే 41.1. ఎముకలు సగటు మనిషిలా లేని పిల్లవాడిలో అసలు బిందువు దీనికి సెంటీమీటరు దూరంలో ఉండవచ్చు. అయినా తొడ పొడవు 330 మిల్లీమీటర్లయితే 10 మిల్లీమీటర్ల తప్పు వంపులో 1.7 డిగ్రీలే. పొడవు ఇక్కడ మన పక్షాన నిలబడింది.

ఇక నడక. ‘అమ్మా, మీరు ఆ చివర నిలబడండి. నాన్నా, అమ్మ దగ్గరికి వెళ్లు, పరుగెత్తకు.’ మొదటి రెండు మూడు సార్లు లెక్కలోకి రావు. కెమెరాల ముందు పిల్లలు ఒద్దికగా నడుస్తారు. అలవాటుపడి, విసుగు పుట్టాకే ఇంట్లో నడిచే నడక వస్తుంది. ఆ తరువాత అరగంటలో పది, పన్నెండు సార్లు అటూఇటూ నడిపిస్తారు. ఒక మడమ నేలకు తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక నడక చక్రం. అది దాదాపు సెకను, అంటే దాదాపు వంద ఫ్రేములు. మధ్యలో మార్కర్ ఊడిపోతే మళ్లీ పెన్ను చుక్క మీదే అతికించి, స్టాటిక్ కూడా మళ్లీ తీస్తారు. పెన్ను గుర్తు పెట్టుకునేది ఇందుకోసం కూడా.

అడుగు పడగానే చర్మం తన పని మొదలుపెడుతుంది. మార్కర్ అతుక్కున్నది చర్మానికి. మనకు కావలసింది ఎముక. మోకాలు వంగితే దాని పక్క చర్మం ఎముక మీద నుంచి జారుతుంది, మడమ నేలను తాకితే తొడ కండ అదురుతుంది. ఎంత జారుతుందో చూడాలంటే ఎముకకే మార్కర్ బిగించాలి. 1990ల్లో కొందరు పరిశోధకులు, ముందుకొచ్చిన వ్యక్తుల తొడ ఎముకలోకీ పిక్క ఎముకలోకీ లోహపు పిన్నులు దిగవేసి, వాటి కొసలకు మార్కర్లు పెట్టి నడిపించారు, పరుగెత్తించారు. విరిగిన ఎముకలకు బయటినుంచి లోహపు చట్రం బిగించి ఉన్న రోగుల మీద కపోత్సో బృందం 1996లో ప్రకటించిన కొలతల్లో తొడ భాగపు మార్కర్లు ఎముక మీద 10 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా జరిగాయి, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. సాధారణంగా తొడ మీద జారుడు ఎక్కువ, పిక్క కింద తక్కువ. మన లెక్క వేద్దాం. తొడ చుట్టు మీద మార్కర్ ఎముక ఇరుసుకు 50 మిల్లీమీటర్ల దూరంలో ఉండి చర్మంతో పాటు 10 మిల్లీమీటర్లు పక్కకు జారితే 11 డిగ్రీలు దాటుతుంది. పైగా ఈ జారుడుకు ఒక పక్షపాతం ఉంది. తొడ ఎముక లోపల తిరిగినంత బయటి చర్మం తిరగదు, వెనకబడుతుంది. అందుకని తుంటి దగ్గర తిరుగుడు అసలుకన్నా తక్కువగా కొలతకు వస్తుంది.

రికార్డయిన చుక్కలకు పేర్లు పెట్టడం తరువాతి మెట్టు. కెమెరాకు అన్నీ ఒకే రకం తెల్లచుక్కలు. ఏది మోకాలో, ఏది చీలమండో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది, మనిషి సరిచూస్తారు. చెయ్యి అడ్డొచ్చి కటి మార్కర్ కొన్ని ఫ్రేములు మాయమైతే ఆ ఖాళీని అటూఇటూ ఉన్న దారిని బట్టి పూడుస్తారు. పది ఫ్రేముల ఖాళీ అంటే సెకనులో పదోవంతు, పూడ్చవచ్చు. మడమ నేలను తాకే క్షణంలోనో, మోకాలు అమాంతం వంగే చోటో పెద్ద ఖాళీ ఉంటే పూడ్చరు, ఆ నడకనే పక్కన పెడతారు. ఊహించి గీసిన దారి అందంగానే ఉంటుంది, కొలత మాత్రం కాదు.

ఆపైన వడపోత. చుక్కల దారిలో సన్నని వణుకు ఉంటుంది. నడకలో మనకు పనికొచ్చే కదలిక చాలావరకు సెకనుకు ఆరు ఊపుల లోపే ఉంటుంది కాబట్టి, 1970ల్లో కెనడాలో డేవిడ్ వింటర్ చూపిన దారినే 6 హెర్ట్జ్ దాటిన వణుకును వడకట్టేస్తారు. 1986లో వోల్ట్రింగ్ ఇచ్చిన స్ప్లైన్ పద్ధతి వాడేవాళ్లూ ఉన్నారు. కెమెరా తప్పు దీంతో దాదాపు పోతుంది. చర్మం తప్పు పోదు. చర్మం కూడా అడుగుతో పాటే, అడుగు వేగంతోనే కదులుతుంది. నడకనూ చర్మాన్నీ విడదీసే జల్లెడ లేదు. గీత నున్నగా వచ్చిందంటే వణుకు పోయిందని మాత్రమే అర్థం.

ఇప్పుడు మూడు చుక్కల్లోంచి ఒక ఎముక నిలబడాలి. తొడ మార్కర్లు మూడూ ఒక గట్టి వస్తువు మీదివే అనుకుని, స్టాటిక్‌లో వాటి మధ్య ఉన్న దూరాలకు అతి దగ్గరగా సరిపోయే దిశను ప్రతి ఫ్రేములో వెతుకుతారు. 1993లో సోడర్‌క్విస్ట్, వెడిన్ ఇచ్చిన గణితం ఇందుకు వాడుకలో ఉంది. ఒక మార్కర్ ఒంటరిగా అదిరితే మిగతా రెండూ దాన్ని సర్దుతాయి. మూడూ కలిసి ఒకేవైపు జారితే మాత్రం గణితానికి అనుమానమే రాదు. 1999లో లూ, ఓకానర్ ఇంకో అడుగు వేశారు: కాళ్లు మొత్తాన్ని కీళ్లతో కలిపిన ఒకే గొలుసుగా తీసుకుని, కీళ్లు ఊడిపోకుండా అన్ని మార్కర్లకూ ఒకేసారి సరిపెట్టడం. కీళ్ల దగ్గర ఎముకలు విడిపోయే అసంబద్ధత తప్పుతుంది. కానీ గొలుసులో కీలును ఎలా ఊహించామన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది.

ఎముక దిశ దొరికాక దాన్ని మూడు అంకెలుగా విడగొట్టాలి. కటికైతే ముందువంపు, పక్కవాలు, తిరుగుడు. ఏ వరసలో విడగొడతామన్నదాని మీద అంకెలు మారతాయి. ఒక ఉదాహరణ. బాబు కటి కుడివైపు వెనకబడి, నడకదారికి 30 డిగ్రీలు తిరిగి ఉంది. ముందుకు 20 డిగ్రీలు వంగి ఉంది. కుడి ఎడమ మొనలు నేలకు సమానమైన ఎత్తులో ఉన్నాయి, అంటే పక్కవాలు సున్నా. పాత వరస ప్రకారం ముందు వంపు, తరువాత వాలు, ఆఖరున తిరుగుడు లెక్కిస్తే కంప్యూటర్ వంపు 17.5 డిగ్రీలనీ, పక్కవాలు దాదాపు 10 డిగ్రీలనీ చెబుతుంది. కంటికి సమంగా ఉన్న నడుముకు పది డిగ్రీల వాలు! మార్కర్ తప్పు లేదు, కెమెరా తప్పు లేదు. 2001లో రిచర్డ్ బేకర్ ముందు తిరుగుడు, తరువాత వాలు, చివర వంపు లెక్కించాలని సూచించింది ఇందుకే. ఆ వరసలో అంకెలు 30, 0, 20 అనే వస్తాయి, డాక్టరు కంటికి కనబడేదీ అదే. ఒకవైపు పక్షవాతం ఉండి కటి బాగా తిప్పి నడిచే పిల్లల్లో ఇది పెద్ద తేడా. వేరే ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు పక్కన పెట్టి చూసేటప్పుడు మొదట అడగాల్సింది వరస ఏదని.

మోకాలి గీతల్ని ముందుగా చూసేది వాటి కోసం కాదు, తప్పు పట్టుకోవడానికి. బందు వంకరగా బిగించిన తలుపు తెరుస్తుంటే అంచు పైకి లేస్తుంది. మోకాలి ఇరుసు తప్పుగా గీస్తే మోకాలు వంగినప్పుడల్లా కాలు పక్కకు విల్లులా వంగినట్టు కనబడుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. ఇరుసు 10 డిగ్రీలు తప్పి, మోకాలు 60 డిగ్రీలు వంగితే, లేని పక్కవంపు 8.6 డిగ్రీలు పుడుతుంది. 5 డిగ్రీలు తప్పితే 4.3. మోకాలు నిజంగా అంతగా పక్కకు వంగదు. అందుకే కాలు గాలిలో ఉన్నప్పుడు, మోకాలు బాగా వంగిన ఘడియలోనే పక్కవంపు గీతలో కూడా ఒక మూపురం లేస్తే ఇంజినీరు ఫిజియోథెరపిస్టును పిలుస్తారు. ఆమె తెర చూసి, బాబు ఇంకా బట్టలు వేసుకోకముందే, బయటి మోకాలి మార్కర్‌ను మళ్లీ తడిమి చూస్తారు. తుంటి తిరుగుడు గీతకు సొంతంగా ఇలాంటి పరీక్ష లేదు. మోకాలి గీతే దానికి సాక్షి. ఎందుకంటే తొడ అడ్డగీత రెండింటికీ ఒకటే. మోకాలిలో మూపురం పోయిందంటే తుంటి తిరుగుడులోనూ ఆ తప్పు తగ్గిందని నమ్మవచ్చు.

చివరి మెట్టు, తప్పుకు ఒక అంకె ఇవ్వడం. ఇది ఒక్క బాబుతో తెలిసేది కాదు. ల్యాబ్‌లో ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, వేర్వేరు రోజుల్లో, అదే మనుషులకు మార్కర్లు అతికించి, గీతలు ఎంతెంత తేడా వస్తున్నాయో ఏడాదికోసారైనా చూసుకోవాలి. మనిషి నడక తనంతట తాను అడుగడుగుకూ కొంత మారుతుంది. అది తప్పు కాదు. రోజు మారితే, చేయి మారితే దాని మీద అదనంగా వచ్చేదే ల్యాబ్ తప్పు. అలాంటి అధ్యయనాలన్నిటినీ మెగిన్లీ, బేకర్, మరో ఇద్దరు కలిసి 2009లో సమీక్షించారు. 2 డిగ్రీల లోపు తప్పు ఉంటే ఇబ్బంది లేదు; 2 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే అర్థం చెప్పేటప్పుడు దాన్ని మనసులో పెట్టుకోవాలి; 5 దాటితే డాక్టరును తప్పుదారి పట్టించవచ్చు అన్నది వాళ్లు తేల్చిన మాట. అన్నిటికన్నా ఎక్కువ తప్పు కనబడింది తుంటి, మోకాలి తిరుగుళ్లలోనే. పైన వేసిన లెక్కలన్నీ ఒక చోటికి చేరింది ఇక్కడే: సన్నని అడ్డగీత, జారే తొడ చర్మం, వేలికి గుండ్రంగా తగిలే ఎముక.

రిపోర్టు ఇలా తయారవుతుంది. ఐదారు నడకల గీతలు ఒకదాని మీద ఒకటి, వాటి వెనక మామూలు పిల్లల నడక మేర బూడిద పట్టీగా, బాబు గీత చుట్టూ ల్యాబ్ తప్పు మేర ఇంకో సన్నపట్టీగా. ఎడమ తుంటి లోపలికి 22 డిగ్రీలు తిరిగి ఉంది, ల్యాబ్ తప్పు అటూఇటూ 5 అనుకుందాం. అంటే అసలు విలువ 17కీ 27కీ మధ్య ఉండవచ్చు. మామూలు పిల్లల సగటు సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి పట్టీలో ఏ చివర తీసుకున్నా తిరుగుడు ఉందన్నది ఖాయం. ఎంత తిప్పాలన్నది మాత్రం ఈ గీత ఒక్కటే చెప్పలేదు. సర్జన్ బల్ల మీద పడుకోబెట్టి చేత్తో తుంటి తిప్పి చూసిన కోణాన్ని, సీటీలో తొడ ఎముక మెలికను దాని పక్కన పెట్టుకుంటారు. మూడూ ఒకే మాట చెబితే రంపం తీస్తారు. గీత 8 డిగ్రీలే చూపి ఉంటే, పట్టీ 3 నుంచి 13 దాకా పరుచుకుని మామూలు మేరలోకే వెళ్లేది. అప్పుడు ఆ గీతను నమ్మి ఎముక కోయకూడదు.

కెమెరాలు వేడెక్కడం నుంచి సంతకం దాకా ఒక్క బాబుకు ఇద్దరు మనుషుల సగంరోజు పడుతుంది. ఆపరేషన్ తరువాత ఏడాదికి అతను మళ్లీ వస్తాడు. అవే కొలతలు, అవే చుక్కలు, వీలైతే అవే చేతులు. అప్పుడు గీత 22 నుంచి 19కి దిగితే బాగుపడ్డాడని రాయరు. రెండు కొలతల్లోనూ తప్పు ఉంటుంది కాబట్టి మూడు డిగ్రీలు చేతివేళ్ల తేడాలోనే కలిసిపోతాయి. 22 నుంచి 4కి దిగితే రాస్తారు.